ఊపిరి వంతు

తిబుర్సియో గడ్డం కింద తడిగుడ్డతో తుడుస్తూ ఎదెల్మిరా అతనికి ఊళ్ళో సంగతులు చెబుతోంది. ఊలువా నది గట్టు తెంచుకుందని, సంతవీధిలో పడవలు తిరుగుతున్నాయని, అరటితోటలన్నీ గెలలతో సహా మునిగాయని. అతను న్యుమోనియాతో, గొంతులో గొట్టంతో వారంగా స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అయినా చెబుతుంది. ఐసీయూలో నర్సుగా చేరిన తొలినాళ్ళ నుంచీ ఆమెకు అదే అలవాటు. ఎదురు జవాబు చెప్పే మగవాడితో పొసగకే ఎదెల్మిరా పెళ్ళి చేసుకోలేదని మిగతా నర్సులు నవ్వుతారు. ఆ మాట అందరికంటే ఎక్కువగా చెప్పుకునేది ఆమే.

పొట్టి మనిషి. వెడల్పాటి పాదాలు, వాచిన మోకాళ్ళు, ఎంత కడిగినా మందుల వాసన వదలని చేతులు. ఆమె ఇల్లూ నది పక్కనే. దాని సంగతి ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఊపిరి యంత్రం ఒక్కసారిగా ఆగిపోయింది. కింది అంతస్తులో జనరేటర్ మునిగింది. ఎదెల్మిరా గుడ్డ పక్కన పడేసి, గొట్టానికి రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కసాగింది. పక్క మంచం మీద యాదిరా, కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్ సోకి ఒళ్ళంతా విషమెక్కిన పిల్ల. ఆమె సంచిని డాక్టర్ పినేదా అందుకున్నాడు.

కాసేపటికే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎదెల్మిరా వంటగదిలోని ఆడవాళ్ళనీ, కాపలావాడినీ, వసారాలో కూర్చున్న తిబుర్సియో భార్య ఒబ్దూలియానీ పిలిచింది. మీరు ఊపిరి పీల్చినప్పుడు నొక్కండి, వదిలినప్పుడు వదలండి అని ఒక్కొక్కరి చేతుల మీద తన చేతులు ఉంచి నేర్పింది. ఒబ్దూలియా తన వంతు అయ్యాక కూడా లేవలేదు. మీరూ ఆయనతో ఏదైనా మాట్లాడండి అంటే మొదట సిగ్గుపడింది. తర్వాత, వరదొచ్చిందని పందిని అటక మీదికి ఎక్కించేసరికి నడుం విరిగిందని సణుగుతూ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటాక సైన్యం పడవ వచ్చింది. అందులో ఒక్క స్ట్రెచర్‌కే చోటుంది. ముసలాయన గుండె అలిసిపోయిందనీ, పంపినా నిలవడం కష్టమనీ డాక్టర్ లోగొంతుకతో చెప్పాడు. ఆ సంగతి ఒబ్దూలియాకు చెప్పాల్సిన పని ఎదెల్మిరా మీద పడింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పింది.

ఒబ్దూలియా సంచి నొక్కడం ఆపలేదు. యాదిరా వైపు చూసింది.

"ఆ పిల్లనే పంపమ్మా. ఈయనకి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది."

డాక్టర్ యాదిరాతో వెళ్ళాడు. వార్డులో నీటి చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. ఎదెల్మిరా వంతు తీసుకోబోతే ఒబ్దూలియా మోచేత్తో నెట్టేసింది. పెళ్ళయిన మర్నాడు అరటిగెలలు మోసే రైలెక్కిన కథ చెబుతోంది. తన భుజం మీద తల వాల్చి ఈయన గురక పెట్టాడట. లేపడానికి మనసొప్పక తనూ కదలకుండా కూర్చుందట. ఒక్కో ఊరూ దాటిపోతోంది.

ఎదెల్మిరా అతని మెడ మీద వేళ్ళు పెట్టింది. తీసి, చేయి తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. చాలాసేపు ఉంచింది. కథకి అడ్డు పడకుండా మంచం అంచున కూర్చుంది.

రైలు సముద్రం దాకా పోయి ఆగింది. వాళ్ళిద్దరూ దిగారు. అప్పుడు ఎదెల్మిరా ఆమె చేతుల మీద చేయి వేసింది.

ఒబ్దూలియా సంచి వదిలి అడిగింది. "ఎప్పుడు?"

"దారిలోనే, పిన్నీ."

"మరి చెప్పలేదేం?"

"మీరింకా దిగలేదుగా."

ఒబ్దూలియా వంగి, భర్త చొక్కా కాలర్ సరిచేసింది.

చీకటి పడకముందే కొడుకులు దోనె తెచ్చి తండ్రినీ తల్లినీ తీసుకెళ్ళారు. యాదిరా కొండమీది ఆసుపత్రికి ప్రాణాలతో చేరిందని సైనికుల రేడియోలో కబురొచ్చింది. ఎదెల్మిరా ఆ మాట ఖాళీ మంచానికి చెప్పింది. దుప్పటి తీసి, కొత్తది పరిచి, మూలలు దోపింది. నడుం నిటారు చేసుకోవడానికి కిటికీ గట్టు పట్టుకుంది.

అక్కడ గాజుగ్లాసులో, తేటనీళ్ళలో, తిబుర్సియో కట్టుడుపళ్ళు ఉన్నాయి.