డోలు మీది పుట

ఎలాదియాతో నా ఆదివారాలన్నీ పాతసామాన్ల సంతల్లోనే గడిచాయి. మా బుర్గోస్ పట్నంలో మిగతా ఆడవాళ్ళు చర్చి నుంచి నేరుగా కేకుల కొట్టుకు వెళుతుంటే, మా ఆవిడ తుప్పుపట్టిన తాళాల, పిడి విరిగిన జగ్గుల మధ్య చతికిలబడి తోలు పుటల కోసం వెతికేది.

ఏనాడో మఠాలు మూతపడ్డప్పుడు, సన్యాసులు పాడుకునే పెద్ద పెద్ద గ్రెగోరియన్ కీర్తనల పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. పుటలన్నీ గొర్రెతోలు కదా, కొన్ని దీపాలకు గొడుగులయ్యాయి, కొన్ని వేరే పుస్తకాలకు అట్టలయ్యాయి. ఎర్ర గీతలు, వాటి మీద నల్లటి చదరపు స్వరాలు, మొదటి అక్షరం చుట్టూ నీలం తీగలు, బంగారు ఆకులు. అందరూ బంగారం చూసి కొనేవాళ్ళు. ఎలాదియా పాడి చూసి కొనేది. బళ్ళో సంగీతం టీచరు మరి! నడిసంతలో గొంతెత్తేది. నేను పక్కకొట్టులో ఏదో బేరమాడుతున్నట్టు నటించేవాణ్ణి.

ఒక సెప్టెంబరులో కొండల్లోని వాల్దెరోబ్లా ఊరి పండగకు వెళ్ళాం. కుర్రాళ్ళు చేతికర్రలు తాటిస్తూ ఆడుతున్నారు. రొట్టెలు కాల్చే సెవెరినో డోలు వాయిస్తున్నాడు. ఎలాదియా నన్ను గట్టిగా గిల్లింది.

"డోలు చూడు! స్వరాలు కనబడటంలా?"

ఆట ఆగగానే అతని ముందు నిలబడింది. "ఆ పైతోలు నాకిచ్చేయండి. కొత్తది నేనే వేయిస్తాను."

"టీచరమ్మా, మా తాత బిగించిన తోలిది. దీని చప్పుడు వినబడితే గానీ మా ఊళ్ళో కాలు కదలదు," అన్నాడు సెవెరినో. "చిరిగిన రోజు మీదే. అప్పటిదాకా ఊరిది."

ఇక ఏటా మా ప్రయాణం అక్కడికే. మమ్మల్ని చూడగానే సెవెరినో, "టీచరమ్మ వచ్చిందిరోయ్, డోలు దాచండి!" అని అరిచేవాడు. "ఈసారైనా చిరిగేలా కాస్త గట్టిగా కొట్టండి," అనేది ఎలాదియా. వాళ్ళావిడ వేయించిన గొర్రెమాంసం, ఎర్ర వైను, సాయంత్రాలు తెలియకుండా జరిగిపోయేవి. రానురాను ఆ వేళాకోళం తగ్గింది. మబ్బు పడితే చాలు, మా ఆవిడ పరుగున వెళ్ళి డోలుకు గొడుగు పట్టేది.

ఒక ఏడు పండగంతా వాన. తడిసిన డోలును పొయ్యి దగ్గర ఆరబెడితే తోలు అడ్డంగా చీలిపోయింది. ఆ చలికాలం సెవెరినో బస్సులో మా ఇంటికొచ్చాడు. పిండిసంచిలో చుట్టి తెచ్చిన తోలు బల్ల మీద పెట్టాడు.

"మాటంటే మాట," అన్నాడు తల దించుకుని.

ఎలాదియా ఆ చీలికను వేలితో తడిమింది. అంతకాలం కోరుకున్నది చేతికొస్తే ముఖంలో సంతోషమే లేదు.

"మరి పండక్కి?"

"ఇక్కడ పట్నంలో ప్లాస్టిక్‌ది దొరుకుతుందట. డబ్బా మీద కొట్టినట్టుంటుంది. ఏం చేస్తాం?"

ఆమె లేచి పడగ్గదిలోకి వెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో కొన్న పుట, మొట్టమొదటిది, మంచం తలాపున గోడకు వేలాడుతుండేది. పెద్దక్షరం లోపల నీలం పిట్ట. చట్రం విప్పి తెచ్చింది.

"ఏయ్, అది మనది!" అన్నాను.

"ఇన్నేళ్ళూ గోడ మీద నోరు మూసుకుని కూర్చుంది పాపం," అని సెవెరినో చేతిలో పెట్టింది. "తట్టి చూడండి."

"బంగారం ఉందమ్మా దీనిమీద!"

"ముందు తట్టండి."

తట్టాడు. మళ్ళీ తట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"పోనీ, రాత లోపలికి పెట్టనా? కర్రదెబ్బ తగలకుండా ఉంటుంది."

"బయటికే పెట్టండి. నలుగురూ చూడాలిగా."

ఖాళీ గోడ చూసి నేను కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాను. తర్వాత ఆ చిరిగిన పుటే అక్కడ వేలాడింది. దాన్ని చూసి పాడుతూ, చీలిక దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకునేది ఎలాదియా. వంటింట్లోంచి వినేవాణ్ణి.

మరుసటి పండక్కి ముసలాళ్ళు, "డోలు గొంతు మారింది," అని సణిగారు. రెండో ఆటకల్లా వాళ్ళ కాళ్ళే ముందు కదిలాయి. ఎలాదియా కూడా ఆడింది. మోకాళ్ళ నొప్పులని ఇంటి మెట్లెక్కడానికి మూలిగే మనిషి!

ఆమె పోయాక కూడా నేను వాల్దెరోబ్లా వెళ్ళడం మానలేదు. ఇప్పుడు సెవెరినో కూతురు విసితా వాయిస్తోంది. అతనూ నేనూ బెంచీ మీద కూర్చుంటాం. మొన్న పండక్కి నా గ్లాసులో వైను పోస్తూ, "పిట్ట రెక్క అరిగిపోయిందండీ, తోలు మార్పించి దీన్ని మీకిచ్చేయమంటారా?" అని అడిగాడు.

వద్దన్నాను.