అయిదో చోట వెలుగు

“ఈ వయసుకి మీ నాన్నగారి చూపు చాలా బాగుందండి. ఆపరేషన్ అక్కర్లేదు,” అన్నారు కాకినాడ కంటి డాక్టరు సత్యశ్రీ గారు. ఎవరైనా సంతోషించే మాటే. నేను మాత్రం తల దించుకున్నాను.

నాన్న ఒప్పుకోలేదు. “ఇంకోసారి చూడండమ్మా. ఎక్కడో తేడా ఉంది. మా అమ్మాయి వినీల మిషన్ తప్పు చెప్పదు,” అన్నాడు.

ఆ మిషన్ సంగతి చెప్పాలి. నేను ఒక పరిశోధన ఓడలో టెక్నీషియన్ని. చీకట్లో సముద్రపు నీటిని కదిపితే, అందులోని కంటికి ఆనని జీవులు నీలంగా వెలుగుతాయి. మా పరికరం ఆ నీటిని గొట్టంతో చీకటి డబ్బాలోకి లాగి, గిరగిరా తిప్పి, ఎంత వెలుగు వచ్చిందో అంకెల్లో చూపిస్తుంది. మా నాన్న సత్తిరాజు ఉప్పాడలో ముప్పై ఏళ్ళు ఇదే పని ఏ పరికరమూ లేకుండా చేశాడు. అమావాస్య రాత్రుల్లో పడవ ముందు కూర్చుని, ఏ మెరుపు ఉత్త అలదో, ఏది చేపల గుంపు కదిపినదో చూసి, వల ఎటు వేయాలో చెప్పేది ఆయనే. ఆ చోట ఇంకెవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు.

డిసెంబరులో మా ఓడ ఈ తీరానికి వచ్చింది. ఎనిమిది చోట్ల కొలవాలి. అయిదోది సరిగ్గా గోదావరి సముద్రంలో కలిసే మొగకు ఎదురుగా, నాన్న వల వేసే చోటే. నాలుగోది అవగానే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. జాలరి పిల్లకు సముద్రం పడలేదంటే ఇంకేమైనా ఉందా? ఓడ ఎక్కిన రోజే, నేను అలల మీద పుట్టినదాన్నని అందరి ముందూ గొప్పలు చెప్పుకున్నానాయె. ఎవరికీ చెప్పకుండా గదిలోకి పోయి, బకెట్ పక్కన పెట్టుకుని పడుకున్నాను. పంపు ఆన్ చేయాల్సింది నేనే. లేచేసరికి అయిదో చోటు దాటిపోయింది. నాలుగో చోటి అంకెకూ ఆరో చోటి అంకెకూ మధ్యస్థంగా ఒక అంకె ఊహించి అయిదో చోటికి వేసి, పక్కన నా పేరు రాశాను. సిగ్గులేదు నాకు.

జనవరిలో నాన్న ఫోన్ చేశాడు. “ఏంటోనమ్మా, మొగ దగ్గర నీళ్ళు నల్లగా ఉండిపోతున్నాయి. తెడ్డుతో కొట్టినా మెరవట్లేదు. మీ మిషన్ ఏమంటుంది?”

అప్పుడైనా చెప్పాల్సింది. “మామూలుగానే ఉంది నాన్నా,” అన్నాను.

“అయితే నాకే చూపు తగ్గుంటుందిలే,” అన్నాడు. ఆ వారమే పడవ ముందు తన చోటు మేనల్లుడు గంగాధర్‌కి ఇచ్చేశాడు. గంగాధర్ బావకు ఆ పని కొత్త. మెరుపు కనపడకపోతే తనకే తెలియడం లేదనుకుంటాడు. నాన్న నాలుగు నెలలుగా ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు.

ఆటోలో ఇంటికి వస్తూ, సముద్రపు కోతకు అడ్డంగా వేసిన రాళ్ళ దగ్గర, నాన్న ఇంకో డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“కడుపులో తిప్పితే చెప్పుకోడానికేముందమ్మా? నాకు మొదటి ఏడాదంతా తిప్పింది,” అన్నాడు.

ఇంతలో బావ ఫోన్ చేశాడు. నాన్న స్పీకర్ పెట్టి, నా వైపు చూడకుండా, “ఆఁ, చూపు తగ్గిందన్నారురా. ఇంక నువ్వే కూర్చో,” అన్నాడు.

ఊళ్ళో నా పేరు పోకుండా ఉండటానికి తను చూపులేనివాడిగా ఉండిపోతాడట. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోన్ లాక్కున్నాను.

“బావా, నాన్న కళ్ళు బాగానే ఉన్నాయి. నీళ్ళు మామూలుగా ఉన్నాయన్న ఆ అంకె మిషన్‌ది కాదు, నేను సొంతంగా వేసింది. మా ఆఫీసుకి కూడా ఇవాళే రాస్తున్నాను.”

బావ మెల్లగా అడిగాడు. “అయితే మొగ దగ్గర నీళ్ళు నిజంగానే చచ్చిపోయాయంటావా?”

“తెలీదు బావా. నేను కొలవలేదు. చూసింది నాన్నొక్కడే.”