అరువు పిట్ట

“గుడ్లూ లేవు, పిల్లలూ లేవు. ఇంక మా పిట్టని మాకిచ్చెయ్యండి పిన్నిగారూ,” అన్నాడు సెలూన్ ఆయన గుమ్మంలోనే నిలబడి. గాలి ఆడటానికి కన్నాలు పొడిచిన అట్టపెట్టె కూడా వెంట తెచ్చుకున్నాడు.

గుండీల పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. టైలర్లు పంపే చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టి బతికే మనిషి కాబట్టి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

“ఇచ్చెయ్యడమేంటి నాయనా? అదేమన్నా గొడుగా, వాన వెలిశాక తిరిగివ్వడానికి?”

“అరువుకిచ్చానని మీకూ తెలుసు కదండీ.”

తెలుసు. అదే ఆమె గొంతులో ముల్లు.

ఆమె పెంచుకునే, పిచ్చుకంతైనా లేని ఫించ్ పిట్టకి మొన్నటి చలికాలంలో జత చచ్చిపోయింది. అప్పటినుంచీ ఆ మగపిట్ట పంజరంలో కొమ్మ చివర కూర్చుని ఒక్క కూత కూసేది. తల వంచి జవాబు కోసం వినేది. జవాబు రాదు. మళ్ళీ కూసేది. కూతను ఓర్చుకోగలిగింది గానీ, ఆ వినడాన్ని ఓర్చుకోలేకపోయింది పిన్ని. చెల్లెలు కూరలకు వెళ్ళి కాస్త ఆలస్యమైతేనే కిటికీకి అతుక్కుపోయే మనిషి. బస్టాండులో ఎవరైనా చెయ్యి ఊపితే, వాళ్ళెవరో తెలియకపోయినా, ఆమె మొహం తిప్పేసుకుంటుంది.

పిట్టల కొట్టువాడు మొదట ఒక చిన్న చిలకను అంటగట్టాడు. “రెక్కలున్నాయిగా, రెండూ ఒకటే” అన్నాడు. ఆ చిలక సాయంత్రానికల్లా ఫించ్ కాలివేలు కొరికేసింది. పిన్ని వెళ్ళి పోట్లాడితే చిలకను వెనక్కి తీసుకుని అద్దం ముక్క చేతిలో పెట్టాడు. పిట్ట అద్దంతో మాట్లాడి, జవాబు రాక, అద్దం వెనక్కి వెళ్ళి వెతుక్కుంది. పిన్ని ఆ అద్దాన్ని తీసుకెళ్ళి వాడి బల్లమీద విసిరింది. “ఆకలేసినవాడికి అన్నం బొమ్మ చూపిస్తావట్రా?” అని నలుగురిలో కడిగేసింది.

చివరికి వీధి మొగలోని సెలూన్లో ఒంటరి ఆడపిట్ట ఒకటుందని తెలిసింది. మగదాన్నే తన దగ్గరికి పంపమన్నాడు సెలూన్ ఆయన. “మావాడు ఇల్లరికం రాడు” అంది పిన్ని. బేరం సాగిసాగి, పిల్లలు పుట్టేదాకా ఆడపిట్ట ఆమె దగ్గరుండేట్టూ, ఆ తరవాత అది అతనికీ, పిల్లల్లో సగం ఆమెకీ చెందేట్టూ తేలింది. పిట్ట బాధ తీరితే చాలనుకునే ఆత్రంలో ఆమె అన్నిటికీ తలూపింది.

పంజరాలు పక్కపక్కన పెట్టిన రోజున మగపిట్ట కూసింది. అవతలినుంచి జవాబొచ్చింది. అది బిత్తరపోయి నోరు మూసుకుంది, ఆపైన పాట అందుకుంది. అప్పటినుంచీ రెండూ ఒకే కొమ్మమీద ఒరుసుకుని కూర్చుని ఒకదాని మెడ ఒకటి దువ్వుకుంటున్నాయి. గుడ్ల ఊసే లేదు.

“కలిసి కూర్చుంటున్నాయిగా, చాలదా?” అంది పిన్ని.

“కూర్చుంటే ఏమొస్తుందండీ?”

ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఏమొస్తుందా? తోడు అంటే కాపు కాసే చెట్టనుకున్నావా, కాయలు కోసుకుని నరికెయ్యడానికి? పిల్లలు లేకపోతే పక్కన కూర్చునే హక్కు కూడా లేదా?”

“అక్కా, మాటిచ్చావు. ఇచ్చెయ్యి, వీధిన పడకు,” అంది లోపలినుంచి చెల్లెలు.

“నువ్వూరుకోవే.”

అతను లోపలికొచ్చి పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టాడు. రెండు పిట్టలూ ఊచలకు కొట్టుకున్నాయి. పిన్ని అతని మణికట్టు పట్టుకుని బయటికి లాగి తలుపు మూసింది.

“నువ్వు పద. నేనే తెస్తాను.”

అతను వెళ్ళగానే చొక్కాల సంచి భుజాన వేసుకుని రెండు పిట్టలతోనూ పంజరాన్ని అలాగే ఎత్తుకుంది.

“ఎక్కడికే?” అంది చెల్లెలు.

“అత్తారింటికి.”

సెలూన్లో ఒకాయన మొహం నిండా నురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పిన్ని పంజరాన్ని బెంచీమీద పెట్టి, పాత పేపర్లు పక్కకు నెట్టి కూర్చుని, సంచిలోంచి కుట్టాల్సిన చొక్కా తీసింది. “మాటిచ్చాను, నీ పిట్టని తెచ్చాను. నా పిట్ట దాన్ని వదలదు. నా పిట్టని నేను వదలను. ఇంక నీ పని నువ్వు చూసుకో.”

“మగాళ్ళొచ్చే చోటండీ...”

“నేనేమన్నా వాళ్ళ గడ్డాలు లెక్కపెడుతున్నానా?”

నురగ మనిషి పొట్ట కదిలేలా నవ్వాడు. గుమ్మందాకా వచ్చిన ఇద్దరు ఆమెను చూసి వెనుదిరిగారు. సెలూన్ ఆయన కత్తి పక్కన పెట్టేశాడు.

“సరేనండీ. రెండూ మీరే తీసుకెళ్ళండి,” అన్నాడు గోడవైపు తిరిగి.

గెలిచానన్న ఊపులో లేచింది పిన్ని. లేస్తుంటే అద్దం పక్కన వేలాడుతున్న అతని ఖాళీ పంజరం కంటబడింది. గిన్నెలో తేట నీళ్ళు. పక్క గిన్నె నిండా కొర్రలు. అడుగున ఆ రోజు పేపరు.

“ఇందులో ఎవరున్నారు?”

“ఎవరూ లేరండీ.”

“మరి నీళ్ళెవరికి?”

అతను తువ్వాలు దులపడం మొదలెట్టాడు. నురగ మనిషే అన్నాడు: “రోజూ మారుస్తాడమ్మా. కుర్చీ ఖాళీగా ఉంటే ఆ పంజరంతోనే కబుర్లు, పిచ్చోడు.”

పిన్ని కోపం తగ్గలేదు, రెట్టింపైంది. “మరి గుడ్లెందుకయ్యా మధ్యలో? అది లేకపోతే నాకు తోచట్లేదని చెప్పడానికి నోరు రాలేదా?”

“నవ్వుతారని...”

“గుడ్లకోసమంటే నవ్వరు, బెంగంటే నవ్వుతారా? ఇదెక్కడి లోకం?”

పంజరం ఎత్తి, తలుపు గాలి తగలని మూల కొక్కేనికి తగిలించింది. కొక్కేనికి ఎక్కాక కూడా ఆమె వేళ్ళు ఆ రింగును ఒక పట్టాన వదల్లేదు.

“రెండూ ఇక్కడే ఉంటాయి. విడదీశావని తెలిసిందో, నీ కుర్చీలో నేనే కూర్చుంటాను.”

“మీకు మరి?”

“నా సంగతి నువ్వడక్కు. రాత్రి షట్టరు దించేసి పోతావుగా, అప్పుడు వీటికి తోడెవరు?”

“రెండున్నాయిగా పిన్నిగారూ. ఒకదానికొకటి ఉన్నాయి.”

అది ఆమె వాదనే. తన మాటే తనకు అప్పజెప్పినందుకు ఆమెకు ఒళ్ళు మండింది. వెళ్ళి బెంచీమీద మళ్ళీ కూర్చుంది.

“ఆ లైటు కాస్త ఇటు తిప్పు,” అంది. “కాజా కనబడి చావట్లేదు.”