రెండో చరణం

బొమ్మలమ్మే దుకాణం సామాన్ల గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని, చిగుసా సీసాలోంచి మరో చెంచా తేనె నోట్లో వేసుకుంది. ముల్లంగి ముక్కలు నానేసిన తేనె గొంతుకు మంచిదని అమ్మ చేసిన అలవాటు. గొంతులో ఉన్న కంతి మాత్రం తేనెకు లొంగే రకం కాదు. రేపు ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు.

ఒంటిమీద వెండిరంగు కోటు మోచేతుల దగ్గర పొట్టు రాలుతోంది. ఆ కోటు లేకపోతే జనం ఆమెను గుర్తుపట్టరు.

‘దైరోక్’ అనే మరమనిషి కార్టూన్‌కు పాట రాసి, బాణీ కట్టి, పాడినప్పుడు ఆమెకు పట్టుమని పాతికేళ్లు లేవు. టీవీలో వచ్చేది ఒకటిన్నర నిమిషం. అందులో కంపెనీవాళ్లు కోరినట్టు దైరోక్ పేరు అరవడమే ఎక్కువ. రెండో చరణమే ఆమె సొంతం. ఊరగాయల కార్ఖానాలో చలికాలమంతా ముల్లంగులు కడిగి పగిలిపోయిన అమ్మ చేతుల మీద రాసింది.

“నా మీద రాశానన్నావు, టీవీలో రాలేదేమే?” అనేది అమ్మ.

“రికార్డులో ఉందమ్మా.”

“రికార్డు ఎవరు వింటారే? ఊరంతా చూసేది టీవీ కదా!”

“ఎప్పుడో ఒకప్పుడు జనం ముందు పాడతాలే.”

ఎవరూ పాడనివ్వలేదు. ఎక్కడికి పిలిచినా టీవీలో వచ్చినంతే చాలన్నారు. అమ్మ అడిగి అడిగి పోయింది.

మేనేజరు ఒకిత్సు తలుపు తోశాడు. “అక్కా, పాట కాగానే దైరోక్ వేషగాడితో ఫొటోలు. పిల్లలు ఆగరు.”

“ఈ ఒక్కసారి మొత్తం పాడనివ్వవయ్యా. రేపటినుంచి అడగమన్నా అడగలేను.”

అతను తల గోక్కున్నాడు. “సరే, పూర్తి సంగీతమే పెట్టిస్తా. మాటలు కాగితం మీద రాసుకున్నారా?”

“నా పాటకు నాకు కాగితమా!”

గొంతు దాచుకోమని డాక్టరు చెప్పడంతో ఇంట్లో ఒక్కసారి కూడా పాడి చూసుకోలేదు.

ఉట్సునోమియా ఊళ్లోని ఆ దుకాణంలో, బొమ్మల అరల పక్కన వేసిన వేదిక ముందు పిల్లలకంటే తండ్రులే గట్టిగా అరిచారు. మొదటి చరణం అయింది. టీవీలో ఆగేచోట అందరూ చప్పట్లు కొట్టి వేషగాడివైపు కదిలారు. సంగీతం మాత్రం సాగుతోంది. ఒక ముసలామె మనవడి చొక్కా పట్టుకుంది. “ఉండరా, ఇంకా ఉన్నట్టుంది.”

చిగుసా నోరు తెరిచింది. మాట రాలేదు. అమ్మ చేతులు కళ్లముందే ఉన్నాయి. వాటిమీద రాసిన మాటలు మాత్రం ఒక్కటీ లేవు. ఇన్నేళ్లూ అక్కడే ఆగి, దణ్ణం పెట్టి దిగిపోవడమే ఆమెకు వచ్చింది. చివరికి “దైరోక్!” అంటూ మొదటి చరణమే మళ్లీ ఎత్తుకుంది. జనం ఉత్సాహంగా గొంతు కలిపారు.

“ఓస్, మళ్లీ అదేనా!” అని ముసలామె మనవణ్ణి వదిలేసింది.

కారులో ఒకిత్సు అన్నాడు: “ఎవరూ కనిపెట్టలేదులే అక్కా.”

“అదేనయ్యా నా ఏడుపు.”

ఆమె నోట వచ్చిన ఆఖరి మాటల్లో అదొకటి.

మర్నాడు మత్తు దిగుతుంటే రెండో చరణం మొదటి మాట నుంచి చివరి మాట దాకా గుర్తొచ్చింది. పెదాలు కదిపింది. దాహమనుకుని నర్సు తడిదూదితో పెదాలు తుడిచింది.

దుకాణం సామాన్ల గదిలో, అట్టపెట్టె మీద సీసా అలాగే ఉంది. తేనెలో ముల్లంగి ముక్కలు ముడుచుకుపోయి పైకి తేలాయి.