ముఖంలో కళ

...పైగా బొమ్మలో ముఖం నవ్వుతున్నట్టు ఉండాలట, నవ్వినట్టు ఉండకూడదట. ఈ రెంటికీ మధ్య ఎక్కడో వెంట్రుకవాసి చోటుంది, తన బతుకంతా ఆ సందులోనే గడిచిపోయింది, అనుకుంది ఆమె బ్రష్షు గుడ్డకి తుడుస్తూ. బ్యాంకు చైర్మన్లు, కాలేజీలు పెట్టినవాళ్ళు, పోయిన తండ్రులు. ఏ ఊళ్ళో రైలు దిగినా, ఎవరి హాల్లో కూర్చున్నా చివరికి ఒకటే మాట: "అంతా బావుందండీ, ముఖంలో కాస్త కళ తెప్పించండి." కళ అంటే ఏమిటో వాళ్ళకి తెలియదు. ఆమెకి తెలుసు. కింది రెప్ప అంచున ఆవగింజంత లేత పసుపు, పెదవి చివర కొంచెం ఎత్తు. అంతే. నేర్చుకున్న కళంతా కరిగి కరిగి ఆ ఆవగింజ దగ్గర ఆగింది.

ఎదురుగా కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. మెడ బిగబట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం చూసేవాడిలా. అతని వెనక, తలుపు అవతల, అతని అట్టపెట్టెలు. వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఒక్కడికి సరిపడే గది చూసుకున్నాడు. "నువ్వూ రా" అని అతను అనలేదు, "నేనూ వస్తాను" అని ఆమె అనలేదు. విడిపోతున్నామన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఒక్కటే అడిగాడు: "వెళ్ళేలోపు నా బొమ్మ వెయ్యి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెయ్యలేదు." ఈ వారమంతా పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నాడు. రేపు లారీ వస్తుంది.

ఎందుకు అడిగాడో ఆమెకి తేలలేదు. గుర్తుగానా? అతనికి గుర్తులు దాచుకునే అలవాటు లేదు. సాధించడానికా? పోతూ పోతూ ఓ చిన్న శిక్ష? ఆమె మనసు దీన్నే గట్టిగా పట్టుకుంది. కోపంగా ఉండటం తేలిక.

"కదలొచ్చా?" అన్నాడు.

"కదలండి. చొక్కా వేస్తున్నాను."

"నిన్నా చొక్కానే అన్నావు. నేనంత చొక్కా ఏం తొడుక్కున్నానబ్బా."

"ఇన్ని చారలున్నది వేసుకోమని ఎవరన్నారు?"

"నువ్వు కొన్నదే. ఏదో ఊరినుంచి వస్తూ స్టేషన్లో కొన్నావు. దీని భుజాలు ఇప్పటికీ నావి కావు."

ఫోను మోగింది. చేతికి రంగు ఉండటంతో స్పీకరు నొక్కింది. మిల్లు యజమాని కొడుకు.

"మేడమ్, నాన్నగారి బొమ్మ అందిందండీ. అచ్చు గుద్దినట్టున్నారు. అమ్మే, ఇంత శాంతంగా ఉన్న ఈయనెవర్రా అంటోంది."

"కళ తెప్పించమన్నది మీరే కదా బాబూ."

"తెప్పించారండీ, కాస్త ఎక్కువే వచ్చింది. కొంచెం విసుగు కలపడం కుదురుతుందా? ఇంట్లో అందరికీ అలవాటైన ముఖం అదీ."

భర్త పగలబడి నవ్వాడు. ఈ వారంలో అదే మొదటి నవ్వు. ఆమె తలెత్తి చూడలేదు. పంపించండి చూస్తాను, అని ఫోను పెట్టేసింది.

"నా దాంట్లో మాత్రం కళ వెయ్యకు," అన్నాడతను. "లేని సరుకు."

"మీ ముఖానికేం తక్కువ?"

"చూసి చెప్పు."

ఆమె చార పక్కన ఇంకో చార గీసింది.

మోకాలు పట్టేసిందంటూ అతను లేచాడు. కాళ్ళు విదిలించుకుంటూ నాలుగడుగులు వేసి, బొమ్మ ఆనించిన ఈజిల్ పక్కనుంచి ఇవతలికి వచ్చేశాడు. బొమ్మ పూర్తయ్యేదాకా ఇటువైపు రాకూడదని మొదటిరోజే చెప్పింది. దాచడానికి వ్యవధి లేకపోయింది. కాన్వాసు ఎడమ అంచుకి క్లిప్పు పెట్టి అతని పాత ఫోటో ఉంది. పెళ్ళయిన కొత్తలో తీసింది. ఒత్తయిన నల్లటి జుట్టు, ఎవరితోనో ఏదో చెప్పబోతున్న ముఖం. కాన్వాసు మీదా ఆ ముఖమే, కింద ఇవాళ్టి చారల చొక్కా. కింది రెప్ప అంచున పసుపు అప్పుడే మెరుస్తోంది.

అతను ఫోటో చూశాడు, బొమ్మ చూశాడు.

"నేను ఎదురుగా కూర్చుంటే ఫోటో చూసి వేస్తున్నావా?"

"వెలుతురు మారిపోతూ ఉంటుంది. ఫోటో అయితే కదలదు."

"నేనూ కదల్లేదు కదే. మెడ పట్టేసింది వారంనుంచి." గొంతులో కోపం లేదు. "ఎవరోగానీ బావున్నాడు. ఇతన్ని నీ దగ్గరే ఉంచుకో."

హాల్లోకి వెళ్ళిపోయాడు. టేపు చరచరా లాగుతున్న చప్పుడు వినిపించింది.

ఆమె ఫోటో వైపు చూసింది. ఫోటోని ఎంతసేపు చూసినా అది తిరిగి చూడదు. నువ్వెక్కడున్నావింతకాలం అని అడగదు. అందుకే మెల్లమెల్లగా బతికున్న ముఖాలు చూసి వెయ్యడం మానేసింది. అందరికీ వెలుతురు సాకు చెప్పింది, తనకి కూడా. ఇప్పుడు తెలిసింది, అతను అడిగింది బొమ్మ కాదు. రోజూ కాసేపు పెళ్ళాం తనని చూడాలని అడిగాడు. ఊరికే చూడమంటే చూడదని తెలుసు, పని చెబితే చూస్తుందనుకున్నాడు. చూపు అమ్ముకుని బతికే మనిషిని అడిగాడు, ఆమె అది కూడా ఇవ్వలేదు. క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట పైకి అంటే అదీ కళ తెప్పించడమే అవుతుంది.

కాగితం పెట్టిన అట్టా పెన్సిలూ తీసుకుని, స్టూలు ఈడ్చుకుంటూ హాల్లోకి వెళ్ళింది. అతను ఓ పెట్టె మీద కూర్చుని, పక్కకి తిరిగి, టేపుని పళ్ళతో కొరుకుతున్నాడు.

"మళ్ళీ కూర్చోమనకు," అన్నాడు.

"అక్కర్లేదు. మీ పని చేసుకోండి."

కళ్ళు వేస్తే చెయ్యి దానంతటదే పసుపు వెతుక్కుంటుంది. పెదవి వేస్తే చివర పైకి లేస్తుంది. చెవికి కళ తెప్పించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అతని చెవి వైపు చూసింది. తమ్మె విడిగా వేలాడకుండా చెంపకి అతుక్కుని ఉంది. పై అంచున, ఎవరో గోరుతో నొక్కినట్టు, చిన్న నొక్కు. లోపలినుంచి రెండు మూడు తెల్ల వెంట్రుకలు. ఎన్నో రాత్రులు ఆ చెవి పక్కనే పడుకుంది, ఎన్నో ఊళ్ళనుంచి అందులోకి ఫోన్లో అరిచింది. ఆ నొక్కు ఆమెకి తెలియదు.

"ఎంతసేపు పడుతుంది?" అతను తల తిప్పకుండానే అడిగాడు.

"తెలీదు."

పెన్సిలు మొన కాగితానికి ఆనించి, నొక్కు దగ్గర మొదలుపెట్టింది.