పంటు మీద దెబ్బ

చెయ్యి లేవకముందే నాలో కొట్టడానికి సిద్ధపడినవాడు ఎవడు?

యాత్రికులకు కోనసీమ చుట్టూ కారు ప్రయాణం ఏర్పాటు చేయాలని, నేనూ నా వ్యాపార భాగస్వామి ఇంద్రసేనా ముందుగా ఆ దారి చూడబోయాం. గోదావరి పాయ దాటేందుకు కారును బల్లకట్టు లాంటి పంటు ఎక్కించాం. నేను డ్రైవింగ్ సీటు నుంచి దిగి లంకలను ఫొటో తీస్తుండగా కారు దొర్లి, చక్రం కింది చెక్కను దాటి, కమ్మీని గుద్దింది. చెక్క సరిగా పెట్టలేదని పంటు మనిషి నూకరాజును ముఖం మీద పిడికిలితో కొట్టాను. పడినవాడిని డొక్కలో తన్నాను. నెత్తురుతో పాటు ఒక పన్ను ఉమ్మి, "బ్రేకు ఎయ్యమని అరిచానండి బాబూ" అన్నాడతను. అందుకు మళ్లీ తన్నాను.

తరువాత కారులో కూర్చుంటే హ్యాండ్ బ్రేకు దించే ఉంది. ఎవరూ చూడకుండా పైకి లాగాను.

మూడు రోజులకు, ఆబిడ్స్‌లోని మా ఆఫీసులో ఇంద్రసేన పంటు యజమానితో మాట్లాడి, ఫోను పెట్టేసి నవ్వాడు.

"వాడు తాగిండని చెప్పిన కదా, పనిల నుంచి తీసేసిన్రు."

"బ్రేకు వేయనిది నేను" అన్నాను.

"ఏంది భాయ్, మీ గోదారోడని ప్రేమ పొంగిందా? నోరు తెరిస్తే మన దుకాణం బంద్!" అంటూ కాలర్ పట్టి నన్ను గోడకు గుద్దాడు. తల వెనుక తడి తగిలింది. నా పిడికిలి దానంతట అదే లేచింది. అప్పుడు నాలోని వాణ్ణి చూశాను. తన తప్పు బయటపడుతుందన్నప్పుడల్లా చెయ్యెత్తేవాడు.

పిడికిలి విప్పి, ఇంద్రసేన చేతిని కాలర్ మీంచి తీసేశాను. నాంపల్లి స్టేషనుకు నడిచి, రాజమండ్రికి టికెట్ తీసుకుని, కదలబోతున్న బండి ఎక్కాను. పంటు యజమానికి ఫోను చేశాను.

"బ్రేకు వేయనిది నేనండీ. నూకరాజు ఎదుటే ఆ మాట చెప్పడానికి వస్తున్నాను."