జీపులో ముప్పై ఆరుగురు

వరహాలరావు తనిఖీకి వస్తున్నాడంటే సుజానాకి భయం కన్నా చిరాకే ఎక్కువ. మైదానం నుంచి వచ్చే ఈ ఆఫీసర్లు ఘాటీ ఎక్కేసరికి ఎవరో శిక్ష వేసి పంపినట్టు మొహం పెడతారు. కానీ ఈసారి ఆ మొహంతో పని పడింది. చింతపల్లి అవతల కొండమీది ఆ ఒంటిగది బడిలో ఆమె విద్యా వాలంటీరు. ఏడాదికోసారి ఆ ఉద్యోగం మళ్ళీ పుట్టాలి, పుట్టించే సంతకం వరహాలరావుది. సంతకం పడకపోతే ఆమె ఇంటికి, బడికి తాళం.

ఆయన పోతురాజు నడిపే సర్వీసు జీపులో వచ్చి, డ్రైవరు పక్క సీట్లోంచి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని దిగాడు. చొక్కా జేబులో కొత్త కాలిక్యులేటరు సగం బయటికి కనబడుతోంది. కనబడాలనే పెట్టుకున్నాడు.

"లెక్కల్లో ఏం నడుస్తోంది?"

"కూడికా గుణకారం కలిసొస్తే ఏది ముందు చెయ్యాలో నేర్పుతున్నాను సార్, ఐదో తరగతికి."

"అబ్బో! ముందు వీళ్ళకి ముక్కు తుడుచుకోవడం నేర్పండమ్మా, తర్వాత ఆ గొప్పలు."

పదకొండు మంది పిల్లలూ విన్నారు. ఒకడు ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు కూడా.

నిజానికి ఆ పాఠం రెండు వారాలు ఆమెని ఏడిపించింది. పుస్తకంలోని సూత్రాన్ని పిల్లలు ఆదివారం ప్రార్థనలా అప్పజెప్పేవారు, పలకమీదికి వచ్చేసరికి మొదట కనబడ్డ రెండంకెల్నీ కూడేసేవారు. విసిగిపోయి ఒకరోజు బెంచీలు ఎదురెదురుగా వేసి జీపు కట్టింది. డ్రైవరు పక్కన నలుగురు, వెనక రెండు బెంచీలు, బెంచీకి ఆరుగురు. పోతురాజు రోజూ చేసే లెక్కే. వెనక బెంచీల వాళ్ళని లెక్కగట్టి, ఆ తర్వాతే తన పక్కవాళ్ళని కలుపుకుంటాడు. మనుషుల్నీ బెంచీల్నీ కలిపి కూడే వెర్రిబాగులవాడు ఎవడుంటాడు? పిల్లలకి ఆ పూటే పట్టుబడింది. అందరికన్నా ముందు పోతురాజు కూతురు డాలీకి.

బోర్డు మీద ఇంకా ఆ లెక్కే ఉంది: 4 + 2 × 6.

వరహాలరావు బెత్తం చూపించి, "నువ్వు చెప్పవే" అన్నాడు డాలీతో.

"పదారండి."

ఆయన కాలిక్యులేటరు తీసి, ఒక్కో మీటా అందరికీ వినబడేలా నొక్కాడు. పిల్లల మొహాల ముందు తిప్పాడు. "ఎంతుంది? ముప్పై ఆరు! జపాను మిషనిది. ఇది తప్పా, నువ్వు తప్పా?"

డాలీ దాన్ని తేరిపార చూసింది. "అది మా జీపు సూడ్నేదు కదండి సారూ."

క్లాసంతా కిసకిసలాడింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సార్, ముందు గుణకారం చెయ్యాలి. ఈ చిన్న మిషన్లు నొక్కిన వరసలోనే చేసుకుపోతాయి" అంది సుజానా మెల్లిగా.

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది! నాలుగూ రెండూ ఆరు, ఆరార్లు ముప్పై ఆరు. నువ్వా నాకు చెప్పేది?"

'అవును సార్, ముప్పై ఆరే' అంటే చాలు, సంతకం పడిపోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. డాలీ రెప్పవెయ్యకుండా ఆమెనే చూస్తోంది. రెండు వారాల అవస్థా, బెంచీలు మోసిన నడుమూ గుర్తొచ్చాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క అంకె కూడా సొంతంగా కూడని ఈ మనిషి కోసమా అదంతా చెరుపుకోవడం?

"అయితే ఆ ముక్క రిజిస్టర్లో రాసెయ్యండి సార్. లెక్కతో సహా."

ఆయన మహదానందంగా రాశాడు. గెజిటెడ్ ఆఫీసర్లలా పచ్చసిరా వాడే హోదా ఆయనకి లేదు, పచ్చ పెన్ను మాత్రం ఉంది. "4 + 2 × 6 = 36. విద్యార్థులు 16 అని చెప్పిరి. బోధన శూన్యం." కింద సంతకం, దాని కింద ముద్ర. ఆమె ఉద్యోగం కాగితం మాత్రం సంతకం లేకుండానే ఆయన సంచిలోకి వెళ్ళిపోయింది.

మూడింటికి ఆఖరి జీపు. మర్నాడు సంత కావడంతో పసుపు బస్తాలు టాపు మీదికి, మనుషులు లోపలికి ఎక్కేశారు. డాలీ అప్పటికే తండ్రి చెవిలో కథంతా ఊదేసింది.

"నన్నెక్కించుకో. ముందు సీట్లో ఒకణ్ణి దింపు" అన్నాడు వరహాలరావు.

"దింపడం ఎందుకు సారూ?" పోతురాజు గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "పదారు మందే ఎక్కినారు. తవరి మిసను పెకారం ఇంకా ఇరవై మందికి జాగా ఉండాల. ఎతుక్కోండి, ఏ మూలో ఉంటాది."

లోపల ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. వరహాలరావు సుజానా వైపు చూశాడు.

"రిజిస్టరు తెమ్మంటారా సార్? దిద్దుతారా?"

ఆయన దిద్దలేదు. పంచె ఎగగట్టి, టాపు మీద పసుపు బస్తాల మధ్య, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళ పక్కన కూర్చున్నాడు. జీపు కదిలింది.

"పదిహేడూ!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

పోతురాజు ప్రతి ఊళ్ళోనూ జీపాపి ఆ లెక్క చెప్పాడు. చింతపల్లి చేరేసరికి పసుపుతో పాటు ఆయన పరువూ సంతకి వచ్చేసింది. టీకొట్టు వాడు కూడా, "ముప్పై ఆరు సారుకి ఒక టీ!" అని కేకేశాడట.

నాలుగోరోజు పోతురాజు ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. అందులో సుజానా ఉద్యోగం కాగితం, దానిమీద పచ్చటి సంతకం. వెంట ఒక చీటీ: 'దయచేసి ఆ పేజీ చించి పంపగలరు.'

కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచి, చీటీ వెనక ఎర్రసిరాతో రాసింది: 'రిజిస్టరు చించడం నేరం సార్. ఈసారి వచ్చినప్పుడు దిద్దుకోండి. డాలీ దగ్గరుండి చెబుతుంది.'

మడవబోతుంటే పోతురాజు చెయ్యి చాపాడు.

"మడతెట్టకమ్మా టీచరమ్మా. దారంట నలుగురికీ సదివి ఇనిపించాల."